కెరటముల గణితవేత్త: జోసెఫ్ ఫూరియే

సముద్రమును బొమ్మగా గీయుట సులభము కాదు. కొండను గీయువాడు దానిని తీరికగా చూచి గీయవచ్చును, కొండ కదలదు. చెట్టును గీయువాడు గాలి నిలుచువఱకు వేచియుండవచ్చును. కడలి యన్ననో ఒక్క క్షణమైనను నిలువదు. పెద్ద కెరటముమీద చిన్న కెరటము, దానిమీద మఱింత చిన్న అల, దానిమీద గాలి రేపిన ముడుతలు. అన్నియు ఒకదాని నొకటి దాటుచు, కలిసిపోవుచు, విడిపోవుచు నుండును. ఒకసారి కనబడిన రూపము మరల కనబడదు.

అట్టి సముద్రము నేడు కంప్యూటరు తెరమీద పొంగుచున్నది. వీడియో ఆటలలో బాలబాలికలు ఓడలు నడుపుచున్నారు, తుఫానులకు ఎదురేగుచున్నారు. ఆ నీటిని ఎవరును కెమెరాతో తీసి అందు అతికింపలేదు. ఏ చిత్రకారుడును దానిని కుంచెతో దిద్దలేదు. యంత్రము సెకనునకు ముప్పదిసారులో, అఱువదిసారులో లెక్కకట్టి ఆ కడలిని మరల మరల పుట్టించుచున్నది. ఆ లెక్కకు మూలమైన సూత్రమును లోకమున కిచ్చిన మహనీయుడు రెండువందల యేండ్లకు పూర్వము ఫ్రాన్సు దేశమున జీవించెను. అతడు కంప్యూటరు నెఱుగడు. అతడు వెదకినది కడలి రహస్యమును కాదు. కాలిన ఇనుములో వేడి యెట్లు ప్రాకునో తెలిసికొనగోరెను. అతని పేరు జోసెఫ్ ఫూరియే.

ఫూరియే 1768వ సంవత్సరము మార్చి 21వ తేదీన ఓసెర్ అను పట్టణమున ఒక దర్జీ యింట జన్మించెను. ఆ యింట బిడ్డలు పెక్కుమంది, కలిమి కొంచెము. అతనికి పదేండ్ల ప్రాయము వచ్చునప్పటికే తలిదండ్రు లిరువురును గతించిరి. దిక్కులేని ఆ బాలుని తెలివితేటలు చూచి, దయగల పెద్దలు అతనిని ఆ యూరి సైనిక పాఠశాలలో చేర్పించిరి. ఆ పాఠశాలను క్రైస్తవ సన్న్యాసులు నడుపుచుండిరి.

అచ్చట అతనికి గణితముపై మక్కువ కలిగెను. పగటి చదువు అతనికి చాలలేదు. వంటయింటను, నడవలలోను మిగిలిపోయిన క్రొవ్వొత్తి ముక్కలను ఏరి దాచుకొని, తోడి విద్యార్థులు నిద్రించిన పిమ్మట ఆ కొఱవెలుగున లెక్కలు చేసికొనుచుండెడివాడని చెప్పుదురు. పదునాలుగేండ్లు వచ్చుసరికి బెజూ అను పండితుడు రచించిన గణితగ్రంథము ఆఱు సంపుటములను ముగించెను.

చదువు ముగిసిన పిదప అతడు ఫిరంగిదళమున చేరగోరెను. ఆ దళమునకు గణితము తెలిసినవారు కావలసియుండిరి. కాని ఆ కాలపు ఫ్రాన్సున విద్య యొక్కటియే చాలదు. పుట్టుక కూడ కావలెను. దర్జీ కుమారుడు ఉన్నతవంశజుడు కాడు గనుక అతని కోరిక నెరవేఱలేదు. అంతట అతడు 1787లో సన్న్యాసుల మఠమున చేరి, దీక్షకు సిద్ధమగుచుండెను. అచ్చటను అతని మనస్సు గణితమును విడువలేదు. 1789లో ఫ్రెంచి విప్లవము చెలరేగెను. ఫూరియే దీక్ష పుచ్చుకొనకయే మఠమును వీడి, తాను చదివిన పాఠశాలయందే ఉపాధ్యాయుడాయెను.

పుట్టుకను బట్టి మనుష్యుని తూచు పద్ధతి పోవలెనని విప్లవము చాటెను. ఆ మాట ఫూరియే హృదయమునకు నచ్చెను. 1793లో అతడు తన యూరి విప్లవ సంఘమున సభ్యుడాయెను. కాని అచిరకాలముననే దేశమున భీకరపాలన ప్రారంభమయ్యెను. వేలకొలది జనులు గిలటిను అను శిరచ్ఛేద యంత్రమునకు బలియైరి. ఆ క్రౌర్యము చూచి ఫూరియే సంఘమును విడువజూచెను, విడువ వీలుకాలేదు. కొందఱి పక్షమున మాటలాడిన కారణమున 1794లో అతనినే చెఱసాలలో నుంచిరి. అతని తలయు ఆ యంత్రము క్రింద పడవలసినదే. కాని ఆ జూలై నెలాఖరున భీకరపాలనకు నాయకుడైన రొబెస్పియరు పతనమయ్యెను; ఖైదీలు విడుదలైరి. ఫూరియే ప్రాణములతో బయటపడెను.

1795లో పారిసు నగరమున ఉపాధ్యాయుల శిక్షణకై ఒక క్రొత్త విద్యాలయము తెఱచిరి. దేశమందలి నానాప్రాంతముల నుండి ఎన్నుకొనబడినవారిలో ఫూరియే ఒకడు. అచ్చట అతనికి పాఠములు చెప్పినవారు సామాన్యులు కారు: లగ్రాంజి, లప్లాసు, మోంజి. ఆ కాలపు యూరపులో వారిని మించిన గణితవేత్తలు అరుదు. కొలది కాలముననే ఫూరియే సుప్రసిద్ధమైన పాలిటెక్నికు విద్యాలయమున బోధకుడై, 1797లో లగ్రాంజి అలంకరించిన పీఠమునే అధిష్ఠించెను. శిష్యుని ఇంతగా ఆదరించిన ఈ గురువులే ముందునాళ్ల అతని సిద్ధాంతమునకు అడ్డు నిలుతురని అప్పుడెవ్వరును ఊహింపలేదు.

1798లో నెపోలియను ఈజిప్టుపై దండెత్తెను. సైన్యముతో పాటు పండితులను కూడ ఓడల నెక్కించుకొని పోయెను. వారిలో ఫూరియే ఒకడు. ఆ యేడు ఆగష్టులో ఆంగ్ల నౌకాధిపతి నెల్సను ఫ్రెంచి నౌకలను నైలునదీ ముఖమున ధ్వంసము చేయగా, పండితులును సైనికులును ఆ దేశముననే చిక్కువడిరి. ఫూరియే కైరో నగరమున స్థాపింపబడిన విద్వత్సభకు కార్యదర్శియై, ప్రాచీన శిథిలముల పరిశీలనమునకును, పాలనాకార్యములకును తోడ్పడెను. 1801లో స్వదేశము చేరెను. ఈజిప్టు ఎండలకు అలవాటుపడిన అతనికి ఆ పిదప చలి సరిపడలేదు. గదిని మిక్కిలి వేడిగా నుంచుకొని, దళసరి దుస్తులు ధరించుచుండెడివాడు. వేడిమిని గూర్చి లోకమునకు నేర్పినవాడు వేడిమిని అంతగా కోరుట ఒక వింత.

అతడు మరల గణితబోధకు పోదలచెను. కాని నెపోలియను అతనిని 1802లో గ్రెనోబులు ముఖ్యస్థానముగా గల ఈజేరు మండలమునకు అధిపతిగా నియమించెను. అది మన జిల్లా కలెక్టరును పోలిన పదవి. ఆ మండలమున బుర్గువా అను చోట విశాలమైన ఊబినేలలు దోమలకు నిలయమై, జ్వరములకు కారణమై యుండెను. వానిని ఎండగట్టుటకు చుట్టుప్రక్కల గ్రామములన్నియు సమ్మతింపవలెను. ఒక్క గ్రామ మొప్పుకొనిన మఱియొక గ్రామము ఒప్పుకొనకుండెను. ఫూరియే ఓర్పుతో ఊరూర మాటలాడి అందఱిని ఒప్పించెను. ఊబి పోయి పొలము లయ్యెను. గ్రెనోబులు నుండి ఇటలీలోని ట్యూరిను నగరమునకు పోవు బాట నిర్మాణమునకును అతడు పాటుపడెను. ప్రాచీన ఈజిప్టు లిపిని తరువాత చదివి లోకప్రఖ్యాతుడైన షాంపోల్యోను ఆ దినములలో గ్రెనోబులున చదువుకొను బాలుడు. అతనిని ప్రోత్సహించినవారిలో ఫూరియే ఒకడు.

ఇన్ని పనుల నడుమ, తీరిక దొరకిన వేళల, అతడు తన జీవితపు ముఖ్యకార్యమును సాధించెను. దానిని కొంచెము నిదానముగ తెలిసికొందము.

ఒక ఇనుప కడియమును సగము కొలిమిలో నుంచి, కాలిన పిదప వెలుపలికి తీసితిమనుకొనుడు. కడియము చుట్టును వేడి ఒక్కతీరున నుండదు. ఒకచోట హెచ్చు, ఒకచోట తక్కువ. కొంతసేపటికి ఏ చోట ఎంత వేడి యుండునో ముందుగా చెప్పుట యెట్లు? ఆ ఎగుడుదిగుడు రూపము నంతటిని ఒక్కసారి లెక్కించుట దుర్ఘటము. ఫూరియే దానిని నున్నని సరళతరంగములుగా విడదీసెను. మొదటి తరంగము కడియమును చుట్టివచ్చునంతలో ఒక్కసారి లేచి ఒక్కసారి పడును, రెండవది రెండుసారులు, మూడవది మూడుసారులు, ఇట్లే తక్కినవియు. ఏ తరంగము ఎంత యెత్తుండవలెనో నిర్ణయించి వాని నన్నిటిని కూడినచో మొదటి రూపమే తిరిగి వచ్చును.

విడదీయుటవలన లాభ మేమి? మొత్తము రూపము చల్లారు తీరు చిక్కుగా నుండినను, ఒక్కొక్క సరళతరంగము అణగు తీరు సులభముగ లెక్కకందును. కడియములో రెండవ తరంగము మొదటిదానికంటె నాలుగింతల వేగముగను, మూడవది తొమ్మిదింతల వేగముగను అణగిపోవును. కావున విడదీయుము, ఒక్కొక్కదానిని దాని త్రోవను నడపుము, మరల కూడుము. ఇదియే ఫూరియే చూపిన మార్గము. పెండ్లిపందిటిలో సన్నాయియు, డోలును, శ్రుతియు మన చెవికి ఒకే నాదమై వచ్చినను, విన్నవాడు ఇది సన్నాయి, ఇది డోలు అని గుర్తింపగలడు గదా! ఫూరియే గణితము అట్టి విడదీయు చెవి వంటిది.

ఈ సిద్ధాంతమును వ్రాసి 1807 డిసెంబరు 21వ తేదీన పారిసు విద్వత్సభకు సమర్పించెను. దానిని పరిశీలించినవారు లగ్రాంజి, లప్లాసు, మోంజి, లక్రువా. ఏ వక్రరూపమైనను, కడకు మధ్య తెగిన రూపమైనను, మూలలు గల రూపమైనను, నున్నని తరంగముల కూడికయే యగునని ఫూరియే చెప్పిన మాట వృద్ధుడైన లగ్రాంజికి నచ్చలేదు. నున్ననివానిని ఎన్నింటిని కూడినను మూల యెట్లు వచ్చును? లప్లాసునకును ఆనాడు సందేహములే. వ్యాసము అచ్చుపడలేదు.

ఫూరియే అలిగి ఊరకుండలేదు, పెద్దలను దూషింపలేదు. సందేహములకు లేఖలలో సమాధానములు వ్రాసెను. కాలిన లోహములతో ప్రయోగములు చేసి, లెక్కయు కొలతయు ఒకటేయని చూపజూచెను. 1811లో విద్వత్సభ వేడిమి ప్రసారమును గూర్చియే బహుమాన మేర్పఱుపగా, తన వ్యాసమును పెంచి మరల పంపెను. బహుమానము అతనికే వచ్చెను. కాని తీర్పరులు బహుమానముతో పాటు ఆక్షేపణను కూడ జోడించిరి: నిరూపణమున కట్టుదిట్టము చాలదని వారి యభిప్రాయము. ఈ వ్యాసమును అప్పుడు అచ్చువేయలేదు. న్యాయముగ చెప్పవలెనన్న ఆ ఆక్షేపణలో కొంత నిజము కలదు. ఫూరియే ఫలితము గొప్పదే. నిరూపణమున మాత్రము ఖాళీలుండెను.

ఇంతలో రాజ్యములు మాఱెను. 1815లో నెపోలియను ఎల్బా ద్వీపము నుండి తప్పించుకొని వచ్చి, నూఱు దినములు ఏలి, మరల ఓడిపోయెను. ఆ కల్లోలమున ఫూరియే పదవి పోయెను. నలుబదియేడేండ్ల ప్రాయమున, చేతిలో ధనము లేక పారిసు చేరెను. పూర్వము తన శిష్యుడై, అప్పటికి పారిసు మండలాధిపతిగా నున్న షబ్రోలు అను సజ్జనుడు గురువును మఱువక, గణాంకశాఖలో ఉద్యోగ మిప్పించెను. 1816లో విద్వాంసులు ఫూరియేను తమ అకాడమీకి ఎన్నుకొనగా, నెపోలియనును కొలిచినవాడని రాజు సమ్మతింపలేదు. మఱుసటి యేడు మరల ఎన్నుకొనిరి. ఈసారి రాజు కాదనలేదు.

1822లో అతని మహాగ్రంథము, వేడిమిని గూర్చిన గణితసిద్ధాంతము, వెలువడెను. మొదటి వ్యాసమునకును ఈ గ్రంథమునకును నడుమ గడచినవి పదునైదేండ్లు. ఆ యేడే అతడు అకాడమీకి శాశ్వత కార్యదర్శి యయ్యెను. భూమి చుట్టునున్న వాయుమండలము దుప్పటివలె వేడిమిని నిలిపియుంచునను భావమును కూడ 1824లో అతడు ప్రకటించెను. నేడు శాస్త్రజ్ఞులు భూతాపమును గూర్చి చేయు చర్చకు అది తొలిమెట్టు. 1829లో డిరిక్లే అను యువకుడు, ఏ నియమములకు లోబడినప్పుడు ఫూరియే కూడిక సరిపోవునో కట్టుదిట్టముగ నిరూపించెను. పెద్దలు చూపిన ఖాళీ పూడుట ఆరంభమయ్యెను. అది చూచుటకు ఫూరియే బ్రతికియుండెను. 1830 మే 16వ తేదీన పారిసులో కన్నుమూసెను.

మనుష్యుడు పోయెను, మార్గము నిలిచెను. కెల్విను ప్రభువను శాస్త్రజ్ఞుడు బాల్యముననే ఫూరియే గ్రంథమును చదివి ముగ్ధుడై, సముద్రపు ఆటుపోటులను సరళతరంగములుగా విడదీసి, ముందునాళ్ల పోటును చెప్పు యంత్రమును 1872లో చేయించెను. 1879లో భారతదేశపు రేవులకొఱకే అట్టి యంత్రము నొకదానిని లండనులో నిర్మించిరి. ఫూరియే లెక్క ఆ విధముగ మన తీరమునకు వచ్చెను.

ఇక తెరమీది కడలి. నడిసముద్రపు ఉపరితలము ఎగుడుదిగుడుగ నుండును. కాలిన కడియపు వేడివలె అదియు సరళతరంగముల కూడికయే. భేద మొక్కటియే: వేడితరంగము అణగిపోవును, నీటితరంగము పరుగెత్తును. దాని పరుగునకును నియమము కలదు. లోతైన నీట 25 మీటర్ల నిడివిగల అల సెకనునకు సుమారు ఆఱుంబావు మీటర్లు పోవును. 100 మీటర్ల నిడివిగల అల దానికి రెట్టింపు వేగముతో, అనగా సుమారు పండ్రెండున్నర మీటర్లు పోవును. పొడుగు అలలు పొట్టి అలలను దాటిపోవుటచేతనే కడలి రూపము క్షణక్షణము మాఱుచుండును.

ఆటను నిర్మించువారు సముద్రపు తునుక నొకదానిని చదరంగపు బల్లవలె గళ్లుగా విభజింతురు. వరుసకు 512 చొప్పున 512 వరుసలనుకొన్న 2,62,144 బిందువులగును. గాలి ఎంత బలముగ, ఏ దిక్కునకు వీచుచున్నదో చెప్పినచో, నిజమైన సముద్రమును కొలిచి తయారుచేసిన సూత్రముల ననుసరించి యంత్రము ఒక్కొక్క తరంగమునకు తగిన యెత్తును నిర్ణయించును. పాచికలు వేసినట్లు అందు కొంత యాదృచ్ఛికతను కలుపును. లేకున్న కడలి దువ్వినట్లు ఒక్కతీరున కనబడును. పిమ్మట ప్రతి తరంగమును దాని వేగమున నడిపి, అన్నిటిని కూడును. ఫూరియే చెప్పిన మూడు పనులలో కడపటి రెండును ఇవియే.

కాని ప్రతి బిందువు వద్దను ప్రతి తరంగమును కూడవలెనన్న 6,871 కోట్లకు పైగా కూడికలు కావలెను, అదియు రెప్పపాటులో! 1965లో కూలీ, ట్యూకీ అను అమెరికా పండితులు ప్రకటించిన శీఘ్రపద్ధతిలో అవి సుమారు 47 లక్షల మెట్లకు దిగును. వింత యేమన, జర్మను గణితవేత్త గౌసు ఇట్టి పద్ధతినే 1805 ప్రాంతమున, ఫూరియే జీవించియుండగనే, కనుగొని తన కాగితములలో ఉంచుకొనెను.

ఈ పద్ధతితో సముద్రదృశ్యములను పుట్టింపవచ్చునని 1987లో మాస్టిను, వాటర్‌బర్గు, మరేడా అను మువ్వురు చూపిరి. జెర్రీ టెస్సెండార్ఫు అను శాస్త్రజ్ఞుడు దానిని చక్కగా వివరించి చలనచిత్రకారులకును, ఆటల నిర్మాతలకును అందించెను. 1997లో వచ్చిన టైటానికు చిత్రమున కొన్ని దృశ్యములలోని కడలి ఇట్టి లెక్కలోనుండి పుట్టినదే. అప్పుడు ఒక్కొక్క చిత్రమును తీరికగా లెక్కించెడివారు. నేడు ఆటలో క్షణములో లెక్కించుచున్నారు. ఓడ అడుగున నీటి యెత్తు కూడ ఆ లెక్కనుండియే తెలియును గనుక ఓడయు కెరటముతో పాటు లేచి పడును.

కూడికతో పని ముగియదు. నున్నని అలలు నిజమైన కెరటములను పూర్తిగా పోలవు. కెరటపు శిఖరము వాడిగను, పల్లము వెడల్పుగను ఉండును. అందుచేత బిందువులను ప్రక్కకు కూడ జరిపి శిఖరమును వాడిచేయుదురు. అవి మితిమీఱి ఒకదానిపై నొకటి మడతపడినచోట తెల్లని నురుగు నుంచుదురు. ఒకే తునుకను పలుమాఱులు పఱచిన నేల చాపలవలె కనబడును గనుక వేఱువేఱు కొలతల తునుకలను కలిపి పఱతురు. పిమ్మట వెలుగు. కాళ్లక్రింది నీటిలోనికి నిట్టనిలువుగ చూచినపుడు నూటికి రెండుపాళ్ల వెలుగు మాత్రమే తిరిగివచ్చును. లోపలి ఱాళ్లు కనబడును. దూరపు నీటిని ఏటవాలుగ చూచినపుడు అది అద్దమై ఆకాశమును చూపును. ఈ నియమమును గణితముగా వ్రాసినవాడు ఫూరియే సమకాలికుడైన ఫ్రెనెలు. ఇరువురు ఫ్రెంచి పండితుల లెక్కలు, ఒకటి కదలికకు, ఒకటి కాంతికి, ఒకే తెరమీద కలిసికొనినవి.

బాలలారా! ఫూరియే జీవితమున గమనింపవలసినది విజయ మొక్కటియే కాదు. పుట్టుక అడ్డువచ్చెను, చెఱసాల అడ్డువచ్చెను, రాజుల మార్పు అడ్డువచ్చెను. తాను పూజించిన గురువులే సంశయించిరి. అతడు వారి సంశయమును అవమానముగా గాక ప్రశ్నగా గ్రహించి, పదునైదేండ్లు దానికి బదులు వెదకెను. వారి ఆక్షేపణయు వ్యర్థము కాలేదు. దానివలననే తరువాతివారు నిరూపణమును గట్టిపఱచిరి. అడిగినవారును, అన్వేషించినవారును కలిసి శాస్త్రమును పెంచిరి.

తన సూత్రము ఎంత దూరము పోవునో ఫూరియే ఎఱుగడు. క్రొవ్వొత్తి ముక్కల వెలుగున లెక్కలు నేర్చిన దర్జీ కుమారుని చదువు నేడు లక్షలాది యిండ్ల తెరలమీద కెరటమై లేచుచున్నది.